చెల్లీ, రెండోసారి ఫీజు కట్టే పరిస్థితి తెచ్చుకోకు

ఆంధ్రా మెడికల్ కాలేజీలో హౌస్ సర్జన్సీ చేస్తున్న చెల్లెలొకామె అడిగింది. "అక్కా, చిన్నప్పటి నుంచీ ఇంగ్లిష్ మీడియమే కదా, ఇంగ్లండ్ రావడానికి మళ్లీ ఇంగ్లిష్ పరీక్షకి అంత తయారీ కావాలా?"

సరిగ్గా నేనూ ఇలాగే అనుకున్నానమ్మా. ఎంవీపీ కాలనీలో కాన్వెంటు చదువు, తర్వాత ఎంబీబీఎస్ అంతా ఇంగ్లిషే, ఇక నాకు పరీక్షేమిటని ఒక్క మాక్ టెస్టు కూడా రాయకుండా ఓఈటీకి, అంటే వైద్యరంగం వాళ్లకి పెట్టే ఇంగ్లిష్ పరీక్షకి, వెళ్లి కూర్చున్నాను. అందులో ఒక పేషెంటు కేసు నోట్స్ ఇస్తారు, అది చూసి ఇంకో డాక్టరుకి ఉత్తరం రాయాలి. 45 నిమిషాలు, మొదటి 5 నోట్స్ చదవడానికే పోతాయి. మన వైజాగ్ పెద్దాసుపత్రి కేజీహెచ్‌లో కేస్ షీట్లు రాసిన అలవాటు కొద్దీ, ఆ పేషెంటుకి చిన్నప్పుడు తీసేసిన టాన్సిల్స్‌తో సహా అన్నీ ఎక్కించేశాను. ఉత్తరం అందుకునే డాక్టరుకి ఏది అవసరమో అది మాత్రమే ఏరి రాశామా అన్నది వాళ్లు చూస్తారు. ఆ రాత విభాగంలో 340 వచ్చింది. కావాల్సింది 350. ఆ పది మార్కుల కోసం మళ్లీ మొత్తం ఫీజు, అదీ ఆస్ట్రేలియా డాలర్లలో! మొదటిసారి అమ్మ చీటీ పాడి ఇచ్చింది. రెండోసారి ఆమెని అడగడానికి నోరు రాక బాబాయి దగ్గర అప్పు తీసుకున్నాను, ఇక్కడ ఇంగ్లండ్‌లో మొదటి జీతం అందేదాకా అది తీరలేదు.

రూల్స్ జీఎంసీ (ఇక్కడ డాక్టర్లని రిజిస్టర్ చేసే సంస్థ) సైటులో ఉంటాయి, చూసుకో. క్లుప్తంగా చెప్పాలంటే ఓఈటీ అయితే నాలుగు విభాగాల్లోనూ 350, దాని బదులు అందరూ రాసే ఇంగ్లిష్ పరీక్ష ఐఈఎల్‌టీఎస్ అయితే మొత్తం మీద 7.5, దేనిలోనూ 7కి తగ్గకూడదు, అన్నీ ఒకే సిట్టింగులో రావాలి.

అది గట్టెక్కితే ఇంగ్లిష్ వచ్చేసినట్టు కాదు. విరేచనాలని మనం 'మోషన్స్' అంటాం, తల తిరగడాన్ని 'గిడ్డీనెస్' అంటాం, ఇక్కడి పేషెంట్లు అలా అనరు. మొదటి నెలలో ఒక ముసలావిడ తన 'వాటర్‌వర్క్స్' బాగాలేవంటే ఇంట్లో కుళాయి గొడవ అనుకున్నాను, నర్సు పక్కకి పిలిచి మూత్రం సంగతి అని చెప్పింది. 'పూర్లీ' అంటే పేదరికం కాదు, ఒంట్లో బాగాలేదని. శ్రీకాకుళం నుంచీ పాడేరు నుంచీ వచ్చేవాళ్ల మాట పట్టుకోవడం మనకి కేజీహెచ్ ఓపీలోనే వచ్చింది కదా, పుస్తకంలో 'డయేరియా' అని చదివి "కడుపు జారుతోందా అమ్మా" అని అడగలేదూ? అదే పని ఇక్కడ ఇంకో భాషలో చెయ్యాలి.

ఇది డబ్బు విషయం కూడా, అందుకే ఇంతగా చెబుతున్నాను. ఇంగ్లిష్ పరీక్ష తర్వాత బయటి దేశాల డాక్టర్లు రాయాల్సిన వైద్య పరీక్ష ప్లాబ్; దాని రెండో భాగం మాంచెస్టర్‌లో జరుగుతుంది, 16 స్టేషన్లు, అంటే ఒక్కోచోట ఒక్కో కేసు, ఒక్కోదానికి 8 నిమిషాలు. పేషెంటుగా నటించే మనిషి మాట అర్థంకాక అక్కడ తడబడితే ఒక్క ఫీజుతో పోదు, వీసా, విమానం, గది అద్దె అన్నీ మళ్లీ మొదటికొస్తాయి. వీటన్నిటికీ వైజాగ్‌లో ఇంటి మీద లోను తీసుకున్నవాళ్లని నేను చూశాను. అవన్నీ దాటి నిలబడ్డాను కాబట్టి ధైర్యంగానే చెబుతున్నా, ద్వారకానగర్‌లో కనిపించిన కోచింగుకల్లా డబ్బు పొయ్యకు. ముందు ఓఈటీ వాళ్లు ఉచితంగా ఇచ్చే నమూనా పేపర్లు గడియారం పెట్టుకుని రాయి. పరీక్ష బుక్ చేసే ముందు రెండు ఉత్తరాలు నాకు పంపు, డ్యూటీ లేని రోజు చూసుకుని దిద్ది పంపిస్తాను.