డిస్నీ వరల్డ్‌లోకి మామూలు వేళలకన్నా ముందే వెళ్లవచ్చా?

వెళ్లవచ్చు, ఫ్లోరిడాలోని వాల్ట్ డిస్నీ వరల్డ్‌లో డిస్నీ హోటళ్లలోనో, ఎంపిక చేసిన మరికొన్ని హోటళ్లలోనో దిగినవారిని నాలుగు పార్కుల్లోకీ రోజూ అరగంట ముందే అనుమతిస్తారు. అతిథులను ఆ హోటళ్లకు రప్పించుకోవడానికే ఈ వెసులుబాటు. ఆ పార్కుల్లో ఒకటైన మ్యాజిక్ కింగ్‌డమ్ 9 గంటలకు తెరిచే రోజున వీరు 8:30కే సెవెన్ డ్వార్ఫ్స్ మైన్ ట్రైన్ అనే రైడ్ దగ్గర వరుసలో నిలబడవచ్చు. పగటిపూట అక్కడ క్యూ చాంతాడంత ఉంటుంది కాబట్టి, పిల్లలతో వెళ్లేవారు ఆ అరగంటను అసలు వదులుకోకూడదు.

గది తీసుకుంటే టికెట్ అక్కర్లేదని చాలామంది పొరబడతారు. పార్కు టికెట్ ఉండి తీరాల్సిందే. ఆ వేళలో అన్ని రైడ్లూ నడవవు కూడా. రాత్రి అదనపు సమయం వేరు: అది డిస్నీ డీలక్స్ (ఖరీదైన తరగతి) హోటళ్లు, విల్లాలు, ఎంపిక చేసిన మరికొన్ని హోటళ్ల అతిథులకే, అదీ కొన్ని రాత్రులు, కొన్ని పార్కుల్లోనే.