జాన్ రట్లెడ్జ్ తేదీలు ఎందుకు కలవడం లేదంటే

అమెరికా సుప్రీంకోర్టు జడ్జిల పట్టికలో జాన్ రట్లెడ్జ్ చేసిన రెండు వేర్వేరు పదవులను మీరు ఒకే వరసలో రాసేశారు, చిక్కంతా అక్కడే. "1791లో రాజీనామా చేసి, 1795లో సెనేట్ కాదన్న మనిషి మధ్యలో చీఫ్ జస్టిస్‌గా ఎలా కూర్చున్నాడు?" అని కదా అడిగారు. ఇలా విడదీయండి:

1. 1789లో అధ్యక్షుడు వాషింగ్టన్ ఆయన్ను సుప్రీంకోర్టు అసోసియేట్ జస్టిస్‌గా (అంటే చీఫ్ జస్టిస్ కాని మామూలు జడ్జిగా) నియమించారు. 1791 మార్చిలో రాజీనామా చేసి, సొంత రాష్ట్రం సౌత్ కరోలినాలో కామన్ ప్లీజ్ కోర్టు చీఫ్ జస్టిస్ అయ్యారు. మీరు రాసుకున్న రాజీనామా ఇదే.

2. 1795 జూన్‌లో సుప్రీంకోర్టు చీఫ్ జస్టిస్ జాన్ జే న్యూయార్క్ గవర్నర్ కావడానికి తప్పుకున్నారు. ఆ పదవి తనకు ఇవ్వమని రట్లెడ్జ్ స్వయంగా వాషింగ్టన్‌కు ఉత్తరం రాశారు.

3. చాలామంది దాటేసేది ఈ మెట్టే. జులై 1న నియామకం జరిగేసరికి సెనేట్ సమావేశాల్లో లేదు. అలాంటప్పుడు అధ్యక్షుడు సెనేట్ ఆమోదం కోసం ఆగకుండా నేరుగా నియమించవచ్చు. సెనేట్ తర్వాతి సమావేశాల చివరిదాకా అది చెల్లుతుందని రాజ్యాంగం రెండో అధికరణం చెబుతుంది. కాబట్టి ఆగస్టులో ఆయన పూర్తి అధికారంతోనే కూర్చున్నారు. "తాత్కాలిక జడ్జి" అని మాత్రం రాయకండి, హోదాలో ఏ తక్కువా లేదు.

4. జులై 16న చార్లెస్టన్‌లో, బ్రిటన్‌తో జే కుదిర్చిన ఒప్పందాన్ని తీవ్రంగా ఖండించారు. ఆ ఒప్పందాన్ని సమర్థించిన ఫెడరలిస్టు పార్టీ వాళ్లకు అది మింగుడుపడలేదు. డిసెంబరు 15న సెనేట్ ఆయన నియామకాన్ని 14–10 ఓట్లతో తిరస్కరించింది. 1787 రాజ్యాంగ సభలో ముసాయిదా కమిటీని నడిపిన మనిషికి ఇలా జరగడం నాకైతే బాధే.

మీ పట్టికలో ఆయన పేరును రెండు వరసల్లో రాయండి: 1790–91 (నియామకం 1789లో అయినా ప్రమాణం చేసింది 1790లో), 1795. చీఫ్ జస్టిస్‌లలో తర్వాతి వరస ఆలివర్ ఎల్స్‌వర్త్, 1796.