సాఫ్ట్‌వేర్ సందేహాలు: ఏ సిస్టమ్‌కు ఏ ఐకాన్లు?

ప్రశ్న: బేగంబజార్ హోల్‌సేల్ దుకాణాల కోసం క్యూటీ 6లో (ప్రోగ్రాముల కిటికీలు, బటన్లు తయారుచేసే టూల్‌కిట్) బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ తయారు చేస్తున్నాం. మా లినక్స్ కంప్యూటర్లలో టూల్‌బార్ ఐకాన్లు చక్కగా వస్తున్నాయి. దుకాణంలో విండోస్ మెషీన్ మీద ఎక్కిస్తే చాలా బటన్లు ఖాళీ. మ్యాక్ వాడే ఓనర్లూ ఉన్నారు. అన్నిటికీ ఒకే రకం ఐకాన్లు డిఫాల్ట్‌గా పెట్టేయమంటారా?
- ఒక పాఠకుడు, అమీర్‌పేట

జవాబు: ముందు ఖాళీ బటన్ల సంగతి. ఐకాన్ తెచ్చే క్యూటీ 'ఫ్రమ్‌థీమ్' ఫంక్షన్‌కు మీరు పేరు మాత్రమే ఇస్తారు, బొమ్మను లినక్స్ డెస్క్‌టాప్ థీమ్ (ఐకాన్ల సెట్) ఇస్తుంది. విండోస్‌లో అలాంటి థీమ్ ఫోల్డర్ లేదు. క్యూటీ 6.7 నుంచి కొన్ని పేర్లకు సిస్టమ్‌లోని ఐకాన్లు దొరుకుతున్నాయి గానీ మీ 'జీఎస్టీ రిటర్న్' బటన్‌కు ఎక్కడా దొరకదు. కాబట్టి సొంత సెట్ ఒకటి రిసోర్స్ ఫైల్లో (ప్రోగ్రామ్‌లోనే కలిసిపోయేది) పెట్టి, దాన్ని ఫాల్‌బ్యాక్ థీమ్‌గా, అంటే వేరే చోట ఐకాన్ దొరకనప్పుడు వాడే సెట్‌గా, ప్రకటించండి. అలా ప్రకటించే లైన్ అప్లికేషన్ ఆబ్జెక్ట్ సృష్టించకముందే రాయాలి. ఆ ఫోల్డర్లో 'ఇండెక్స్.థీమ్' ఫైల్ లేకపోతే క్యూటీ దాన్ని థీమ్‌గా గుర్తించదు.

ఇంత చేసినా దుకాణంలో ఖాళీగానే ఉంటే 'ఐకాన్‌ఇంజిన్స్' ఫోల్డర్ చూడండి. ఎస్‌వీజీ (గీతలుగా దాచిన) బొమ్మలు గీసే డీఎల్‌ఎల్ (సహాయక ఫైల్) ఇన్‌స్టాలర్‌లోకి ఎక్కి ఉండదు. మీ కంప్యూటర్లో క్యూటీ మొత్తం ఉంటుంది కనుక ఈ లోటు అక్కడ ఎప్పటికీ బయటపడదు. క్యూటీ లేని మెషీన్ మీద తప్పకుండా పరీక్షించండి.

ఇక డిఫాల్ట్. ఒకే రకం వద్దు. ఉచిత ఆఫీస్ సాఫ్ట్‌వేర్ లిబ్రేఆఫీస్ డిఫాల్ట్ ఐకాన్ సెట్లు చూడండి: విండోస్‌లో కోలిబ్రే, లినక్స్ డెస్క్‌టాప్ కేడీఈలో బ్రీజ్, 2020లో వచ్చిన 7.0 వెర్షన్ నుంచి మ్యాక్‌లో సుకపుర. పక్కనున్న ప్రోగ్రాములతో కలిసిపోవడమే దాని ఉద్దేశం. మీరూ లినక్స్‌లో డెస్క్‌టాప్ థీమ్‌నే వాడుకోనివ్వండి. మ్యాక్‌కు ఒకే రంగు గీతల ఐకాన్లు, విండోస్ కౌంటర్‌కు రంగులవి పెట్టండి. గిరాకీ రద్దీలో 'సేవ్', 'రద్దు' బటన్లను చెయ్యి రంగును బట్టే వెతుక్కుంటుంది. ఐకాన్ కింద తెలుగు పేరు కూడా ఉంటే ఇంకా మేలు. ఆపిల్ వాళ్ల ఎస్‌ఎఫ్ సింబల్స్ ఐకాన్లు నచ్చినా విండోస్ వెర్షన్‌లో పెట్టకండి, లైసెన్స్ ఒప్పుకోదు.

చాలామంది పొరబడే చోటు సెట్టింగ్స్ ఫైల్. యూజర్ ఏమీ ఎంచుకోనప్పుడు అందులో 'ఆటో' అనే రాయండి. మొదటి రోజు దొరికిన 'బ్రీజ్' పేరు రాసేస్తే, రేపు అతను గ్నోమ్ అనే మరో లినక్స్ డెస్క్‌టాప్‌కు మారినా ఆ పాత థీమే అతుక్కుని ఉంటుంది.

ప్రశ్న: మా ప్రోగ్రామ్ ఐకాన్ డెస్క్‌టాప్ మీద బాగుంది, టాస్క్‌బార్‌లో మసకగా ఉంది. ఎందుకు?
- ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: మీ ఐకో (విండోస్ ఐకాన్) ఫైల్లో 256 పిక్సెళ్ల బొమ్మ ఒక్కటే ఉండి ఉంటుంది. విండోస్ దాన్ని కుదించేటప్పుడు సన్న గీతలు రెండు పిక్సెళ్ల మధ్య పడి బూడిద రంగులోకి పోతాయి. 16, 20, 24, 32, 48, 256 సైజులన్నీ అదే ఫైల్లో పెట్టండి. 20 ఎందుకంటే, స్క్రీన్ స్కేలింగ్ 125 శాతం ఉన్నప్పుడు 16 కాస్తా 20 అవుతుంది. 16కు మాత్రం పెద్ద బొమ్మను తగ్గించకుండా, వివరాలు తీసేసి విడిగా గీయించండి. ప్రింటర్ బొమ్మయితే పెట్టె, పైన కాగితం చాలు, మీటలు అక్కర్లేదు. మార్చాక కూడా పాతదే కనిపిస్తే అది విండోస్ దాచిపెట్టుకున్న కాపీ. ప్రోగ్రామ్ ఫైల్‌ను వేరే ఫోల్డర్లోకి కాపీ చేస్తే కొత్తది కనిపిస్తుంది.