ఇంట్రడక్షన్‌ని భూగోళం నుంచి మొదలుపెట్టకండి

మీ ప్రశ్న ఇది: "పీహెచ్‌డీలో మొదటి పేపర్ రాస్తున్నాను. మెథడ్స్, రిజల్ట్స్ అయ్యాయి. ఇంట్రడక్షన్ దగ్గర ఆగిపోయాను. ఎక్కడ మొదలుపెట్టాలి, ఎంత రాయాలి, ఎన్ని రిఫరెన్సులు పెట్టాలి?"

మెథడ్స్, రిజల్ట్స్ ముందే రాసేశారంటే సగం గండం గడిచినట్టే. చాలామంది తలకిందులుగా చేస్తారు. పని మొదలైన ఏడాదే ఇంట్రడక్షన్ రాసి దాచుకుంటారు. తర్వాత రిజల్ట్స్ ఇంకో దారి పడతాయి. పేపర్ మొదట్లో ఒక మాట, చివర్లో ఇంకో మాట. మీకా బాధ లేదు, సంతోషించండి.

ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పేముందు ఎక్కడ వద్దో చెబుతాను. భూగోళం నుంచి వద్దు. తార్నాక, హబ్సిగూడ వైపు ల్యాబుల్లో నీటి కెమిస్ట్రీ మీద చాలా ఏళ్లుగా పని చేస్తున్నాను. జూనియర్ల డ్రాఫ్టులు నా టేబుల్ మీదకు వస్తూనే ఉంటాయి. నీటి మీద పేపరైతే "నీరు సమస్త జీవకోటికి ప్రాణాధారం" అని మొదలవుతుంది. పంటల మీదైతే "నానాటికీ పెరుగుతున్న ప్రపంచ జనాభా". జబ్బు మీదైతే "ప్రపంచవ్యాప్తంగా కోట్లాది మంది". ఇవన్నీ నిజాలే, కాదనను. కానీ నీళ్ల జర్నల్ చదివేవాడికి నీరు ప్రాణాధారమని తెలియదా? మన సన్మాన సభల్లో వేదికనలంకరించిన పెద్దల పేర్లు, బిరుదులు, శాలువాలు అన్నీ అయ్యి, అసలు మాట్లాడాల్సిన మనిషికి మైకు అందేసరికి జనం ఆఖరి బస్సు టైమ్ చూసుకుంటుంటారు. మన ఇంట్రడక్షన్లలో సగం ఆ స్వాగతోపన్యాసాలే.

ఒక సంగతి చెబుతాను, మీకు పనికొస్తుంది. మా ల్యాబులో ఒక జూనియర్ ఉండేది. ఊరు నల్గొండ జిల్లా, మర్రిగూడ వైపు. జిర్కోనియం ఆక్సైడ్ పట్టించిన బొగ్గుపొడితో తాగునీళ్లలోంచి ఫ్లోరైడ్ తీయడం ఆమె పని. ప్రయోగాలు శుభ్రంగా చేసింది. డ్రాఫ్ట్ ప్రింట్ తీసుకుని ఒకరోజు నన్ను క్యాంటీన్‌కి లాక్కెళ్లింది. "అన్నా, ఇంట్రడక్షన్ బాగాలేదని సార్ అంటున్నారు, ఎందుకో చెప్పడం లేదు" అని. చూస్తే బారెడు ఉంది. ప్రాణాధారంతో మొదలై, భూమ్మీద మంచినీటి శాతం, ఫ్లోరిన్ ఆవర్తన పట్టికలో ఎక్కడుంది, పళ్లకు ఏమవుతుంది, ఎముకలకు ఏమవుతుంది, ఫ్లోరైడ్ తీసే పద్ధతులన్నీ ఒక్కోటి ఒక్కో వాక్యంలో, ప్రతి వాక్యానికీ అరడజను రిఫరెన్సులు. చిట్టచివర "అందువల్ల ఈ అధ్యయనం చేపట్టాం". దేనివల్ల? ఎక్కడా లేదు.

నేనింకా నోరు తెరవకముందే వాళ్ల మేనమామ వచ్చాడు. సిటీలో ఏదో పని చూసుకుని, బస్సెక్కేముందు కోడలిపిల్లకు బత్తాయిల సంచి ఇచ్చిపోదామని. కూర్చుని కాగితాల వంక చూశాడు.

"ఏంది బిడ్డా గీ కాయితాలు?"

"పేపర్ మామా. నీళ్లల్ల ఫ్లోరైడ్ తీసే పౌడర్ మీద."

"ఫ్లోరైడ్ తీసుడు ఎప్పట్నించో ఉన్నది గదా. పటిక, సున్నం కలిపి డ్రమ్ముల తేర్చుకునేటోళ్లు. మళ్ల నీదేంది కొత్తగ?"

ఆ అమ్మాయి కాగితాల వైపు చూడనుకూడా లేదు. "పటికతోటి రోజూ తిప్పలే మామా. ఏ బోరు నీళ్లకు ఎంత వెయ్యాల్నో లెక్క చూడాలె. అడుగున మడ్డి పేరుకుంటది, అది ఎక్కడ పారబొయ్యాలె? లెక్క తప్పితే అల్యూమినియం నీళ్లల్లనే ఉంటది."

"సరే. నీ పౌడర్ లెక్కటిది ఇంకెవ్వలు చెయ్యలేదా?"

"మస్తు మంది చేసిండ్రు. కానీ నేను చదివినయి చానా వరకు డిస్టిల్డ్ వాటర్ల ఫ్లోరైడ్ కలిపి చూసినయే. మన బోరు నీళ్లల్ల బైకార్బొనేట్ ఎక్కువుంటది మామా. అది ఫ్లోరైడ్‌కు పౌడర్ మీద జాగ ఇయ్యది. అందుకే నేను మన దిక్కు బోర్ల నీళ్లే తెచ్చి చూసిన."

ఆయన బత్తాయి ఒలుస్తూ ఇంకో ప్రశ్న వేశాడు. "ఇప్పుడు మిషన్ భగీరథ పైపు నీళ్లొస్తున్నయ్ గద. ఇగ నీ పౌడర్ ఎందుకు?" దీనికి మాత్రం తడుముకుంది. కాసేపాగి, "పైపు ఆగిన నాడు ఏం తాగుతరు మామా?" అంది. "ఏం తాగుతం, బోరు నీళ్లే" అన్నాడాయన.

"డ్రాఫ్ట్ వెనక్కి తిప్పి ఇప్పుడు మాట్లాడుకున్నదంతా రాసుకో, నీ ఇంట్రడక్షన్ అదే" అన్నాను.

పల్లెటూరి మనిషి నోట సత్యం పలికింది లాంటి కథ చెప్పడం లేదు. ఆయన లెక్క ఆయనది. రేపు ఫిల్టర్ కొనాల్సి వస్తే జేబులోంచి తీయాల్సింది ఆయనే కాబట్టి పాతదానితో ఏమైందని అడిగాడు. జర్నల్ తరఫున పేపర్‌ని పరీక్షించే రివ్యూయర్ కూడా అదే అడుగుతాడు, కాకపోతే ఇంగ్లిష్‌లో, కాస్త వెటకారంగా. ఉన్నది ఏమిటి, దానితో ఇబ్బంది ఏమిటి, మిగతావాళ్లు ఎక్కడిదాకా వచ్చి ఆగారు, మీరు అక్కడి నుంచి ఏం చేశారు. ఈ నాలుగింటికీ జవాబు వరసగా ఉంటే చాలు. నన్నడిగితే మూడోదాని జవాబు ముందు రాయండి. ఒక్క వాక్యం. "ఫలానాది ఇంతవరకు తెలుసు, ఫలానాది తెలియదు." ఆ వాక్యం మీ చేత రాయించలేని రిఫరెన్సులు ఎన్ని చదివినా ఇంట్రడక్షన్ రాదు. అది రాశాక దాని పైన ఏం కావాలో, కింద ఏం కావాలో అదే చెబుతుంది.

జాన్ స్వేల్స్ అనే భాషాశాస్త్రవేత్త పేపర్ల ఇంట్రడక్షన్లు పోగేసి చదివి, 1981లో ఒక నమూనా చెప్పి, 1990లో దాన్ని మూడడుగులుగా సవరించాడు. మొదట రంగం చూపించు, తర్వాత అందులో ఖాళీ చూపించు, తర్వాత ఆ ఖాళీలో నువ్వు నిలబడు. మన వర్క్‌షాపుల్లో ఇది పవర్‌పాయింట్ మీద పెట్టి గంటసేపు చెబుతారు. విన్నవాళ్లంతా మొదటి అడుగు దగ్గరే ఇల్లు కట్టుకుంటారు. రంగం చూపించడమంటే ఆవర్తన పట్టిక నుంచి అనుకుంటారు కాబోలు.

1953లో వాట్సన్, క్రిక్ నేచర్‌లో వేసిన పేపర్ తీసి చూడండి, పేజీకి కాస్త ఎక్కువ, అంతే. డీఎన్‌ఏకు ఒక నిర్మాణం సూచిస్తున్నామని మొదటి వాక్యంలోనే చెప్పేశారు. వెంటనే పాలింగ్, కోరీ ఇప్పటికే ఒక నిర్మాణం చెప్పారు, అది ఎందుకు కుదరదో ఇదిగో అని రెండు కారణాలు చూపించారు. వారసత్వం మానవజాతికి ఎంత ముఖ్యమో అన్న ప్రసంగం లేదు. అందరం వాళ్లంత పని చేయలేం, నిజమే. కానీ మొదటి పేరాలో విషయానికి రావడానికి నోబెల్ అక్కర్లేదు కదా.

అంత దూరం ఎందుకు, మన ఊరిదే చూడండి. 1897 ఆగస్టు 20న బేగంపేటలో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూశాడు. ఆ ఏడాది డిసెంబర్‌లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఆ పేపర్ శీర్షిక ఏమిటంటే, మలేరియా రక్తం తాగిన రెండు దోమల్లో కనిపించిన కొన్ని వింత రంగుకణాల గురించి. రెండే దోమలు. చూసింది కణాలు. శీర్షికలో అంతకుమించి ఒక్క మాట లేదు. ఇవాళైతే అదే పేపర్‌కి 'నవ్యమైన', 'విప్లవాత్మక' లేకుండా గైడ్ సంతకం పెట్టడు. "మాకు తెలిసినంతలో ఇదే మొట్టమొదటిసారి" అన్న వాక్యం ప్రతి డ్రాఫ్ట్‌లోనూ ఉంటుంది. మీకు తెలిసినంత అంటే ఎంత, గూగుల్ స్కాలర్‌లో మొదటి పేజీయా?

ఇక్కడ నాకు మండే ఇంకో విషయం ఉంది. ఆ అమ్మాయి రిఫరెన్సులు చూస్తే దాదాపు అన్నీ గత ఐదేళ్లవి, సగం దేశం బయటివి. ఎందుకంటే సార్ ఐదేళ్లు దాటినవి పెట్టొద్దన్నారట! 1937లో షార్ట్ బృందం మద్రాసు ప్రెసిడెన్సీలో ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ వల్ల పళ్లు, ఎముకలు దెబ్బతినే జబ్బు) గురించి రాసింది, అదీ నెల్లూరు జిల్లా నుంచి. 1955లో ఎ.హెచ్. సిద్దిఖీ పేపర్ బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లోనే వచ్చింది, శీర్షికలోనే నల్గొండ జిల్లా, హైదరాబాద్ దక్కన్ అని ఉంది. 1973లో లాన్సెట్‌లో ఫ్లోరోసిస్ ప్రాంతాల్లో మోకాళ్లు లోపలికి వంగిపోవడం మీద పేపర్ వచ్చింది, రాసింది జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు. ఆ సంస్థ మా క్యాంటీన్ నుంచి ఆటో దూరం. మేనమామ చెప్పిన పటిక, సున్నం పద్ధతిని 1970ల్లో నీరీ (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు రూపొందిస్తే, నల్గొండ టెక్నిక్ అన్న పేరుతో అది టాంజానియా, ఇథియోపియా దాకా పోయింది. నల్గొండ అమ్మాయి, నల్గొండ నీళ్లు, నల్గొండ పేరున్న పద్ధతి, పేపర్‌లో మాత్రం ఇవేవీ లేవు. ఇంట్రడక్షన్‌లో మీ ఊరి పేరు రాయడానికి మొహమాటపడకండి. ఎక్కడి నీళ్లు, ఎలాంటి రాయి, అక్కడ ఇప్పటిదాకా ఎవరేం చేశారు అన్నది సెంటిమెంట్ కోసం రాసేది కాదు. గ్రానైట్ నేల మీద బోరు నీళ్ల స్వభావం వేరు, అందుకే అది రాయాలి.

అయితే "బోరు నీళ్లే తాగుతం" అన్న మామ మాటను అలాగే పేపర్‌లో పెట్టలేం. "దీనికి రిఫరెన్స్ ఏం పెట్టను అన్నా?" అని అడిగింది. ప్రశ్న మంచిదే. ఆధారం లేని మాట ఎంత నిజమైనా ఇంట్రడక్షన్‌లో నిలబడదు. కూర్చుని భూగర్భ జలాల బోర్డు రిపోర్టులు తిరగేసి, ఆ ప్రాంతం బోర్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాముల పరిమితి దాటుతున్న సంగతి అక్కడి నుంచి తీసుకుంది. సర్ఫేస్ వాటర్ సరఫరా ఉన్నా బోరు ఇంకా వాడకంలో ఉందన్న మాటను ఆచితూచి ఒక వాక్యంలో రాసింది. దాంతో భగీరథ ప్రశ్నకు జవాబు ముందే ఉన్నట్టయింది.

అవునూ, చాట్‌బాట్ చేత రాయించుకుంటే ఏమవుతుందని కొందరు అడుగుతున్నారు. రాస్తుంది, హాయిగా రాస్తుంది, ప్రాణాధారంతోనే మొదలుపెడుతుంది. ఒక్కోసారి అసలు లేని పేపర్లకు కూడా జర్నల్ పేరు, పేజీ నంబర్లతో సహా రిఫరెన్సులు ఇస్తుంది. చదవని పేపర్‌ని సైట్ చేసే అలవాటు మనకు ముందునుంచీ ఉంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. ఇంకొందరు పాత పేపర్ల ఇంట్రడక్షన్ దించేసి, కాపీ పట్టే సాఫ్ట్‌వేర్‌లో పోలిక శాతం తగ్గించడానికి మాటలు మాత్రం మారుస్తారు. యూజీసీ 2018 నిబంధనల్లో పోలిక 10 శాతం లోపుంటే శిక్ష లేదని ఉంది కదా, మనవాళ్ల పరిశోధనంతా ఆ 10 లోపలికి రావడం మీదే. అమీర్‌పేటలో బీటెక్ ప్రాజెక్టులు రెడీమేడ్‌గా దొరికిన ఊరు మనది, ఇంకేం చెప్పను.

మీ మిగతా ప్రశ్నలకు గబగబా చెప్పేస్తాను. నాలుగైదు పేరాలు, ఆరేడు వందల పదాలు, పాతిక ముప్పై రిఫరెన్సులు దాటితే నాకు అనుమానమే. మెడికల్ జర్నల్స్ వాడే ఐసీఎంజేఈ (మెడికల్ జర్నల్ ఎడిటర్ల అంతర్జాతీయ కమిటీ) మార్గదర్శకాలైతే సూటిగా సంబంధమున్న రిఫరెన్సులే ఇవ్వమంటాయి, మీ డేటా, ముగింపు ఇంట్రడక్షన్‌లో పెట్టొద్దంటాయి. కంప్యూటర్ సైన్స్‌లో మాత్రం మా కాంట్రిబ్యూషన్స్ ఇవీ అని అక్కడే చెప్పకపోతే ఒప్పుకోరు. మీ రంగం ఏదో చెప్పలేదు కాబట్టి, పంపాలనుకున్న జర్నల్‌లో ఈమధ్య వచ్చిన పేపర్లు కొన్ని తీసి ఆఖరి పేరా ఎలా ఉందో చూడండి. "రెండో సెక్షన్‌లో మెథడ్స్, మూడో సెక్షన్‌లో రిజల్ట్స్" అని విషయసూచిక మాత్రం చిన్న పేపర్‌లో వద్దు, హెడింగులు ఎలాగూ ఉన్నాయి.

ఆ అమ్మాయి పేపర్ ఏమైందంటారా, మార్పులతో వచ్చింది. రివ్యూయర్లలో ఒకరు ఐసోథెర్మ్ గ్రాఫుల (పౌడర్ ఎంత ఫ్లోరైడ్ పట్టుకుంటుందో చూపేవి) మీద బోలెడు ప్రశ్నలు వేశారు. ఇంకొకరికి ఇంట్రడక్షన్‌లో కనిపించిన లోపం ఒక్కటే: కొన్ని ముఖ్యమైన పేపర్లు సైట్ చేయలేదట. చూస్తే అన్నీ ఒకే గ్రూపువి, ఎవరివో ఊహించుకోండి. వాటిలో ఒకటి నిజంగానే బైకార్బొనేట్ మీద ఉంది, అది పెట్టాం. మిగతావి మా పనికి సంబంధం లేనివని మర్యాదగా జవాబు రాశాం. ఎడిటర్ ఏమీ అనలేదు.