మిగిలిన లోన్ డబ్బు ఎమర్జెన్సీ ఫండ్ కాదు

ప్రశ్న: మాది మహబూబ్‌నగర్. వయసు 43. ప్రైవేటు జూనియర్ కాలేజీలో హిస్టరీ లెక్చరర్‌ని. జీతం 38 వేలు, ఏప్రిల్, మే నెలల్లో రాదు. నా భార్య టైలరింగ్ మీద నెలకు 12 వేల దాకా సంపాదిస్తుంది. పాప ఎనిమిది, బాబు ఆరో తరగతి. నాన్నకు 67 ఏళ్లు, బీపీ, షుగర్ ఉన్నాయి. ఇంటి ఖర్చు నెలకు 30 వేలు, చిట్టీ 10 వేలు. జూన్‌లో పిల్లల ఫీజులు 60 వేలు కట్టాలి. ఈ మే నెలలో, సెకండ్ హ్యాండ్‌లో కొన్న మా డీజిల్ కారులో ఐదుగురం కలిసి హంపీ, బాదామి, బీజాపూర్, ఎల్లోరా, అజంతా, సాంచీ, ఆగ్రా, ఢిల్లీ చూసి రావాలనుకుంటున్నాం. 20 రోజులు, నాలుగున్నర వేల కిలోమీటర్లు, రెండున్నర లక్షల ఖర్చు. బ్యాంకు యాప్‌లో 3 లక్షల పర్సనల్ లోన్ 14 శాతానికి సిద్ధంగా ఉంది. మూడేళ్ల ఈఎంఐ. మొత్తం తీసుకుంటే మిగిలే 50 వేలు ఎమర్జెన్సీకి ఉంటాయి. సేవింగ్స్‌లో ఉన్న 1.10 లక్షలు ముట్టుకోను. 2 లక్షల చిట్టీ ఆగస్టులో అయిపోతుంది, ఆ డబ్బు ప్లాటు అడ్వాన్సుకు అనుకున్నాం. పర్సనల్ లోన్, నా భార్య బంగారం మీద లోన్, చిట్టీ ఇప్పుడే పాడుకోవడం... మూడింట్లో ఏది మేలు?

జవాబు: మూడింట్లో ఏదీ కాదు. మామూలుగా అయితే ఇంత మాట చెప్పి ఊరుకునేవాణ్ణి. కానీ మీ ఉత్తరంలో ఒక వాక్యం ఉంది, దాని కోసమే ఇంత రాస్తున్నాను. "మిగిలే 50 వేలు ఎమర్జెన్సీకి ఉంటాయి" అన్నారు. ఈ మాట ఈ మధ్య నేను చాలామంది నోట వింటున్నాను. ఇల్లు కట్టేవాళ్లు, పెళ్లి చేసేవాళ్లు, కారు కొనేవాళ్లు అందరూ అవసరానికి మించి ఓ యాభై వేలు ఎక్కువ తీసుకుని, అదే తమ ఎమర్జెన్సీ ఫండ్ అనుకుంటున్నారు. ఆ 50 వేలకు మీరు 14 శాతం వడ్డీ కడుతున్నారు. వాడినా కడతారు, వాడకపోయినా కడతారు.

ముందు మీ 1.10 లక్షల సంగతి చూద్దాం. దాన్ని ముట్టుకోనని రాశారు. ముట్టుకోక తప్పదు, ఎలాగో చెబుతాను. జీతం వచ్చే పది నెలల్లో ఇద్దరి సంపాదన 50 వేలు, ఖర్చూ చిట్టీ కలిపి 40 వేలు. నెలకు 10 వేలు మిగులుతున్నాయి. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం మీ ఆవిడ తెచ్చే 12 వేలే ఆధారం, ఖర్చు అదే 40 వేలు. నెలకు 28 వేలు తక్కువ, రెండు నెలలకు 56 వేలు. జూన్ ఫీజులు 60 వేలు. రెండూ కలిపితే 1.16 లక్షలు. మీ దగ్గరున్నది 1.10. అంటే మీరు ఎక్కడికీ కదలకుండా ఇంట్లో కూర్చున్నా స్కూళ్లు తెరిచే నాటికి 6 వేలు ఎక్కడి నుంచో తేవాలి. మీరు ఫండ్ అనుకుంటున్నది ఫండ్ కాదు, వేసవి ఖర్చు ముందుగా దాచుకున్నది. పాస్‌బుక్కులో అంకె కనిపిస్తే అది ఉన్నట్టే అనిపిస్తుంది.

పైగా జూన్ నెల జీతం చేతికొచ్చేది జూలైలో. మీ మొదటి ఈఎంఐ జూన్‌లోనే పడుతుంది.

ఆ ఈఎంఐ ఎంతో చూశారా? 3 లక్షలకు 14 శాతంతో 36 నెలలకు నెలకు సుమారు 10,250. మూడేళ్లలో వడ్డీ కిందే 69 వేలు. అంతకంటే నన్ను ఎక్కువ ఇబ్బంది పెడుతున్నది వేరే ఉంది. ప్రైవేటు కాలేజీలో పనిచేసేవాళ్లకు ఆరు నెలల ఖర్చు చేతిలో ఉండాలని నేను ఎప్పుడూ చెబుతాను. అడ్మిషన్లు తగ్గితే సెక్షన్ తీసేస్తారు, సెక్షన్‌తో పాటు లెక్చరర్నీ. మీ ఇంటికి ఆ ఫండ్ 1.80 లక్షలు ఉండాలి. లోన్ తీసుకున్న రోజు నుంచి ఈఎంఐ కూడా ఇంటి ఖర్చే కాబట్టి అది దాదాపు 2.42 లక్షలు అవుతుంది. చేతిలో ఉన్న ఫండ్ సున్నా, కావలసింది ఒక్కసారిగా 62 వేలు పెరిగింది. ఎవరైనా అప్పు చేయబోతున్నారంటే నేను వడ్డీ శాతం కంటే ముందు ఈ లెక్కే అడుగుతాను.

ఇన్సూరెన్స్ ఉందిలే అనుకునేవాళ్లకు ఒక సంగతి చెప్పాలి. మిర్యాలగూడ నుంచి నా దగ్గరకు వచ్చే ఒకాయన ఏడాదిన్నర కింద కుటుంబంతో ఎల్లోరా వెళ్లి వస్తున్నారు. షోలాపూర్ దగ్గర దాబాలో చేతులు కడుక్కునే చోట వాళ్లమ్మ జారిపడింది. తుంటి ఎముక విరిగింది. రాత్రి పదిన్నరకు ఆస్పత్రి కౌంటర్ దగ్గర 60 వేలు డిపాజిట్ అడిగారు. పాలసీ ఉంది, ప్రీమియం టైముకు కడుతున్నాడు. కానీ ఆ ఆస్పత్రి కంపెనీ లిస్టులో లేదు, ముందు కట్టి తర్వాత క్లెయిమ్ చేసుకోవాలి. అకౌంట్లో 9 వేలు ఉన్నాయి. క్రెడిట్ కార్డు అప్పటికే హోటళ్ల బిల్లులతో నిండింది. బావమరిదికి ఫోన్ చేస్తే ఆయన ఊళ్లో తెలిసిన మనిషి దగ్గర నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి అర్ధరాత్రి ఫోన్‌పేలో పంపాడు. ఇన్సూరెన్స్ డబ్బు వచ్చింది, రెండు నెలలకు. ఆ రాత్రి పనికొచ్చేది అకౌంట్లో ఉన్న డబ్బే. మీ నాన్నగారితో నాలుగున్నర వేల కిలోమీటర్లు తిరగబోతున్నారు. వారికి ఆరోగ్యశ్రీ కార్డు ఉందనుకున్నా, ఆగ్రా ఆస్పత్రిలో దాన్ని చూపించి ఏం లాభం?

"అంతగా అవసరమైతే లోన్ యాప్‌లు ఉన్నాయి కదా" అని కొందరు అంటారు. మీరు అనలేదు, అననందుకు సంతోషం. వారం రోజుల గడువుకు పదివేలిచ్చి, ముందే రెండు వేలు పట్టుకుని, కట్టకపోతే మీ ఫోన్లో ఉన్న నంబర్లన్నిటికీ ఫోన్లు చేసేవాళ్ల గురించి ఇంకా ఎవరికైనా చెప్పాల్సి వస్తోందంటే నాకు చిరాకు. యాప్‌లో "మీకోసం సిద్ధం" అని మెరిసే బ్యాంకు లోన్ అంత ఘోరం కాదు, నిజమే. అయినా తాకట్టు లేని అప్పులు మరీ ఎక్కువైపోతున్నాయని రిజర్వు బ్యాంకే 2023 నవంబరులో వాటి మీద రిస్క్ వెయిట్ (ఇచ్చిన అప్పుకు బ్యాంకు ఎంత సొంత మూలధనం పక్కన ఉంచుకోవాలో తేల్చే లెక్క) 100 నుంచి 125 శాతానికి పెంచింది. అప్పిచ్చేవాళ్లనే జాగ్రత్తగా ఉండమన్నారు, తీసుకునేవాళ్లకు జాగ్రత్త అక్కర్లేదా?

మిగతా రెండింటికీ ఒక్కో మాట. బంగారం మీద లోన్ వడ్డీ తక్కువే, కానీ అది మీ ఇంట్లో చివరి ఆధారం, తాజ్‌మహల్ కోసం తాకట్టు పెట్టేది కాదు. చిట్టీ చివరి నెలల్లో పాడుకుని కసర్ (పాటలో తగ్గించుకునే డబ్బు) పోగొట్టుకోవడం కంటే ఆగస్టు దాకా ఆగండి.

ఆ చిట్టీయే మీకు దారి. కమిషన్ పోను 1.90 లక్షలు వస్తాయనుకుందాం. వేసవిలో తక్కువైన 6 వేలు తీర్చి, మిగిలినదంతా ఫండ్ కింద పెట్టండి. సగం ఎఫ్‌డీలో, సగం లిక్విడ్ ఫండ్‌లో, అంటే కావాలనుకున్నప్పుడు త్వరగా వెనక్కి తీసుకోగల మ్యూచువల్ ఫండ్‌లో. మీ ఆవిడకు కూడా పాస్‌వర్డులు తెలిసి ఉండాలి. ప్లాటు అడ్వాన్సు ఆగాలి. కోప్పడకండి, ప్లాట్లు ఎక్కడికీ పోవు. జడ్చర్ల రోడ్డు పొడుగునా బోర్డులే కదా! సెప్టెంబరు నుంచి చిట్టీ కట్టే 10 వేలు ఖాళీ అవుతాయి. వాటిని వేరే అకౌంట్లో ట్రిప్పు పేరు మీద వేయండి. మామూలుగా మిగిలే ఇంకో 10 వేలు ఎప్పటిలాగే వచ్చే వేసవికి. ఈ రెండూ కలవకూడదు.

ఇక ట్రిప్పు. పిల్లలకు ఈ వయసు మళ్లీ రాదు, ఒప్పుకుంటాను. కానీ 20 రోజులు ఒకేసారి, అదీ మే నెలలో ఎందుకు? నలభై దాటిన ఎండలో గోల్ గుంబజ్ మెట్లు పైదాకా ఎక్కాలి. ఆగ్రాలో ఎండ గురించి చెప్పనే అక్కర్లేదు. రోజుకు సగటున 225 కిలోమీటర్లు మీరొక్కరే నడపాలి. పిల్లలకు గుర్తుండేది కారు వెనక సీటు.

దసరాకు దగ్గరివి చూడండి, ఖర్చు పెద్దగా ఉండదు. హిస్టరీ లెక్చరర్‌కు నేను చెప్పేదేముంది గానీ, పాలమూరులో ఉండి పిల్లలకు అలంపురం చూపించనివాళ్లు నాకు చాలామంది తెలుసు. బాదామి చాళుక్యుల నవబ్రహ్మ ఆలయాలు, మ్యూజియం, శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లలో మునిగిపోకుండా కూడవెల్లి నుంచి రాయి రాయి విప్పి తెచ్చి మళ్లీ కట్టిన సంగమేశ్వర ఆలయం. వచ్చేటప్పుడు గద్వాల కోట. ఇంకో రోజు నాగార్జునకొండ. సాగర్ నీళ్లు రాకముందు లోయలో తవ్వి తీసినవాటిలో చాలా ఆ దీవి మీది మ్యూజియంలో ఉన్నాయి. శుక్రవారం సెలవు, విజయపురి సౌత్ నుంచి లాంచీ, టైములు ముందే కనుక్కోండి. నల్గొండ మీదుగా వెళితే పానగల్లులో ఛాయా సోమేశ్వరుడు, పొద్దంతా లింగం మీద కదలకుండా ఉండే స్తంభం నీడ. అది ఎందుకు కదలదో పాపనే కనిపెట్టమనండి. పిల్లలమర్రి మీ ఊళ్లోనే ఉంది కాబట్టి దాన్ని లెక్కలో వేయలేదు.

సంక్రాంతికి హంపీ, బాదామి, ఐహోలు, పట్టదకల్, బీజాపూర్, గుల్బర్గా మీదుగా ఇల్లు. ఆరు రోజులు, వెయ్యి నుంచి పన్నెండు వందల కిలోమీటర్లు. మీ కారు లీటరుకు 15 ఇస్తుందనుకుంటే 80 లీటర్లు, లీటరు 95 చొప్పున 7,600. అయిదు రాత్రులు రెండేసి గదులు 17 వేలు, తిండికి 13-14 వేలు, టోల్‌గేట్లు రెండు వేలు, గైడ్లు, టికెట్లు నాలుగు వేలు. పురావస్తు శాఖ కట్టడాల్లో 15 ఏళ్లలోపు పిల్లలకు టికెట్టు ఉండదు, మీ పిల్లలిద్దరికీ అది కలిసొస్తుంది. మొత్తం 45 వేల లోపు. సెప్టెంబరు నుంచి జనవరి దాకా ట్రిప్పు అకౌంట్లో చేరేది 50 వేలు. రూపాయి అప్పు లేదు. అలంపురం ముందే చూసి ఉంటే పట్టదకల్‌లో గళగనాథ ఆలయ శిఖరం చూడగానే పిల్లలు వాళ్లంతట వాళ్లే గుర్తుపడతారు. ఢిల్లీ దాకా వెళ్లే హడావుడిలో చూస్తే అది జరగదు.

అజంతా, ఎల్లోరా ఆ తర్వాతి ఏడాది. అజంతాకు సోమవారం సెలవు, ఎల్లోరాకు మంగళవారం. చాలామంది ఆ రెండు రోజుల్లోనే వెళ్లి గేటు దగ్గర ఫోటో దిగి వస్తారు. ఆగ్రా, ఢిల్లీకి కారు ఎందుకండీ, రైలు ఉంది. తాజ్‌కు శుక్రవారం సెలవని మాత్రం గుర్తుంచుకోండి.

ఆరోగ్య బీమా మీ నలుగురికీ ఒక ఫ్లోటర్ (అందరికీ కలిపి ఒకే పాలసీ), నాన్నగారికి విడిగా ఒకటి తీసుకోండి. కాలేజీ ఇచ్చే గ్రూపు పాలసీ ఉద్యోగంతోనే పోతుంది. నాన్నగారి బీపీ, షుగర్ దరఖాస్తులో దాచకండి.

కారు సెకండ్ హ్యాండ్‌లో కొన్నానన్నారు. ఆర్‌సీ మీ పేరు మీదకు మారి ఉంటుంది, మరి ఇన్సూరెన్స్? కొన్న 14 రోజుల్లో దాన్నీ మార్పించుకోవాలి. చాలామంది కాగితం పాత ఓనరు పేరు మీదే వదిలేస్తారు. అలా ఉంటే మీ కారుకు జరిగిన నష్టానికి క్లెయిమ్ రాకపోవచ్చు. సంక్రాంతి దాకా ఆగకుండా ఈ వారమే ఆ కాగితం తీసి ఎవరి పేరుందో చూడండి. పాత పేరే ఉంటే ఆర్‌సీ పట్టుకుని కంపెనీ ఆఫీసుకు వెళ్లండి.