డిక్రీ వచ్చాక కూడా నూటికి రెండు రూపాయల వడ్డీ కట్టాలా?

డిక్రీ (బాకీ కట్టమని కోర్టు ఇచ్చే ఉత్తర్వు) అయ్యాక కూడా నోటులో రాసిన నూటికి రెండు రూపాయల వడ్డీయే నడుస్తుందని, పైగా ‘వసూలు ఖర్చులు’ పదిహేను వేలు ఇవ్వాలని అప్పు ఇచ్చిన ఆయన తరఫు మనిషి అంటున్నాడని మీరు రాశారు. మాది అనంతపురం. ఈ పాట నేనూ విన్నాను.

బోరు వేయించడానికి 2015లో ప్రామిసరీ నోటు మీద లక్ష తెచ్చాను. బోరులో నీళ్లు ఊరలేదు గానీ వడ్డీ ఊరింది. 2017లో దావా పడే నాటికి రెండేళ్ల వడ్డీ 48,000 కలిసి అప్పు 1,48,000 అయింది. 2019లో డిక్రీ వచ్చింది. ఇంటికి వచ్చిన మనిషి మొత్తానికీ రెండు రూపాయలు లెక్కగట్టి, నెలకు 2,960 అన్నాడు. నమ్మేశాను. తీరా డిక్రీ నకలు తీసి చూస్తే, దావా తేదీ నుంచి డిక్రీ దాకా ఏడాదికి 12 శాతం, అక్కడి నుంచి సొమ్ము ముట్టేదాకా 6 శాతం అని ఉంది. రెండూ లక్ష అసలు మీదే. అంటే డిక్రీ తర్వాత నెలకు 500.

ఇది జడ్జి గారి దయ కాదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 34వ సెక్షన్ ప్రకారం డిక్రీ తర్వాతి వడ్డీ 6 శాతం దాటకూడదు. వ్యాపారం కోసం చేసిన అప్పయితే దాటవచ్చు, అదీ ఒప్పుకున్న రేటును మించకుండా. డిక్రీలో తర్వాతి వడ్డీ ఊసే లేకపోతే కోర్టు ఇవ్వనట్టే లెక్క.

ఇక ఖర్చులు. డిక్రీ కింద చిన్న పట్టిక ఉంటుంది: స్టాంపు, వకీలు ఫీజు, బ్యాటా (సమన్లు పంపే ఖర్చు). కోర్టు వేసిన మొత్తం అదే. రేపు అవతలివారు ఈపీ (డిక్రీని అమలు చేయించమని వేసే పిటిషన్) వేస్తే దాని ఖర్చు కోర్టు వేయవచ్చు. వచ్చే మనిషి పెట్రోలు, కూలి ఆ పట్టికలో ఉండవు, మీరు ఇవ్వనక్కరలేదు.

నేను చేసిన పొరపాటు మీరు చేయకండి. క్లాక్ టవర్ దగ్గర హోటల్లో కూర్చుని నలభై వేలు చేతికిచ్చాను, కాగితం లేదు. తర్వాత పూర్తి మొత్తానికే ఈపీ వచ్చింది. బయట కట్టిన సొమ్ము కోర్టులో నమోదు కాకపోతే అమలు చేసే కోర్టు దాన్ని లెక్కలోకి తీసుకోదు. నమోదు చేయమని మనం అడగడానికి గడువు 30 రోజులే. ఆ సంగతి నాకు తెలిసేసరికి నాలుగు నెలలు గడిచాయి. కోర్టులో జమ చేసి అవతలివారికి నోటీసు ఇవ్వండి, అది అందిన రోజు నుంచి కట్టినంత మేర వడ్డీ ఆగుతుంది. కొంచెం కొంచెంగా కడితే మామూలుగా ముందు వడ్డీకి, ఖర్చులకు పోయి తర్వాతే అసలుకు తగులుతుందని గుర్తుంచుకోండి. వాయిదాలు కావాలంటే ఇప్పుడు అవతలివారు ఒప్పుకోవాలి, అడిగి చూడండి.

ముందు డిక్రీ నకలుకు దరఖాస్తు పెట్టండి. అది వచ్చాక అసలెంతో, వడ్డీ ఎంత శాతమో, పట్టికలో మొత్తమెంతో ఇక్కడ రాయండి, లెక్క కట్టి చెబుతాను.