మిల్లులో సేఫ్టీ ఉద్యోగమంటే సిలిండర్లు లెక్కపెట్టడమేనా?

ప్రశ్న: మా అమ్మాయి టెక్స్‌టైల్ టెక్నాలజీ చివరి సంవత్సరంలో ఉంది. ప్రొడక్షన్ వద్దని, స్పిన్నింగ్ మిల్లులో అగ్నిప్రమాదాల నివారణ, కార్మికుల ఆరోగ్య రక్షణ పని చేస్తానంటోంది. మంటలార్పే సిలిండర్లు లెక్కపెట్టే ఉద్యోగంలో ఎదుగుదల ఏముంటుందండీ?

జవాబు: సిలిండర్ల దాకా వచ్చిందంటే అసలు పని అప్పటికే చెడిపోయినట్టు. ఆ ఉద్యోగమంతా దూది ధూళితోనే. దూది బేళ్లలో ఇరుక్కున్న ఇనుప ముక్క, దూదిని విడదీసి శుభ్రం చేసే బ్లోరూమ్‌లో తిరిగే బీటరుకు తగిలితే నిప్పురవ్వ లేస్తుంది. గాలి గొట్టాల గుండా అది ఫిల్టర్ల దాకా వెళ్లి రాజుకుంటుంది. అయస్కాంతాలు, రవ్వను పసిగట్టే పరికరాలు అందుకే. మోటార్ల మీద, బేరింగుల చుట్టూ పేరుకున్న ధూళి అంటుకోవడానికి వేడెక్కిన లోహం చాలు.

అదే ధూళి ఊపిరితిత్తుల్లోకి వెళితే బిసినోసిస్ అనే జబ్బు. మొదట్లో సెలవు మరునాడు పనిలో చేరగానే ఛాతీ బిగుస్తుంది, వారం గడిచేకొద్దీ తగ్గుతుంది. అందుకే దానికి ‘సోమవారపు జ్వరం’ అని పేరు. ఏళ్ల తరబడి సాగితే నష్టం శాశ్వతం. నూలు తయారీలో ఘనపు మీటరు గాలికి దూది ధూళి 200 మైక్రోగ్రాములు మించరాదని అమెరికా 1978లోనే పరిమితి పెట్టింది. కంప్రెసర్ గాలితో మిషన్ దులిపితే శుభ్రమైనట్టే కనిపిస్తుంది. నిజానికి ఆ ధూళిలో కొంత పనివాళ్ల ఊపిరిలోకి, మిగతాది పైదూలాల మీదికి చేరుతుంది. పీల్చి తీసే యంత్రం వాడించడం మీ అమ్మాయి పని. వినేవాళ్లు తక్కువ, ముందే చెబుతున్నాను.

1911లో న్యూయార్క్ ట్రయాంగిల్ దుస్తుల ఫ్యాక్టరీలో మంటలు లేచినప్పుడు ఒక తలుపుకు తాళం వేసి ఉంది. 146 మంది చనిపోయారు. 2012లో కరాచీలో దుస్తుల ఫ్యాక్టరీ మంటల్లో 250 మందికి పైగా పోయారు, అక్కడా తాళాలే, కిటికీలకు ఊచలే. తాళం వేయించే యజమానికి ఎదురు చెప్పడం ఏ సిలబస్‌లోనూ ఉండదు.

ఎదుగుదల ఉంది: దుస్తుల కంపెనీల తరఫున ఫ్యాక్టరీల తనిఖీ, బీమా సంస్థలకు ప్రమాద అంచనా, ధూళి తొలగించే వ్యవస్థల డిజైన్. అయితే నా మాటగా, మొదటి రెండేళ్లూ ప్రొడక్షన్‌లోనే చేయనివ్వండి. దూది పీచును దువ్వే కార్డింగ్ మిషన్ నడిపిన మనిషి ‘ఆపండి’ అంటే సూపర్‌వైజర్ ఆగుతాడు. పుస్తకం చదివి చెబితే నవ్వి ఊరుకుంటాడు.

ఇంటర్వ్యూకి వెళ్లినప్పుడు షెడ్డు చూపించమని అడగమనండి. ట్యూబ్‌లైట్ల పైన ధూళి ఎంత మందాన ఉందో చూస్తే, అక్కడి సేఫ్టీ ఆఫీసర్ మాట ఎంతవరకు చెల్లుతోందో తెలిసిపోతుంది.